గోడ దాకా వెనక్కి

బెంజిమిన్ బాబాయ్ రెండు లెన్సులు బల్ల మీద పక్కపక్కన పెట్టి, "సాయంత్రం ఆరుకల్లా ఒకటి నా చేతికి రావాలమ్మాయ్. రెండోది నీది," అన్నాడు. అప్పటినుంచీ ఇష్రత్‌కి కాలు ఒకచోట నిలవలేదు.

ఆయన నరసరావుపేటలో ముప్పయ్యేళ్ళుగా స్టూడియో నడుపుతున్న మనిషి. ఇష్రత్ చేతికి కెమెరా ఇచ్చి నేర్పింది ఆయనే. ముసల్మానుల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి మగ ఫొటోగ్రాఫర్ అడుగు పెట్టడు గనక ఆ గదులన్నీ ఇప్పుడు ఇష్రత్‌వి. గదులేమో అగ్గిపెట్టెలు. ఉన్న లెన్సుతో తీస్తే ఎప్పుడూ సగంమందే పడేవాళ్ళు.

"చిన్నది నీ కెమెరా కోసమే చేసింది," అని ఆయన ఇంకోసారి చెప్పాడు. "గది మొత్తం పడుతుంది. కానీ రేపు నువ్వు లోపల బొమ్మ పడే సెన్సర్ పెద్దదున్న కెమెరా కొన్నావనుకో, దీన్ని తగిలిస్తే ఫొటోకి నాలుగు మూలలా నలుపే. పెద్దదైతే రెండిటికీ పనికొస్తది. కాకపోతే నీ ఇప్పటి కెమెరా మీద అంత వెడల్పు చూపించదు."

చిన్నది కొత్తది, పెద్దది ఒకరు వాడింది. ధర ఇంచుమించు ఒకటే. రెండేళ్ళుగా దాచింది ఒక్కదానికే సరిపోతుంది. ఆ 'రేపు' అన్న మాట దగ్గరే ఇష్రత్‌కి ప్రాణం కొట్టుకుంటోంది. రేపు కొంటుందా? కొనకపోతే? కొన్నాక ఇది మూల పడితే?

ఇంటికొచ్చి అత్త హజ్రా బీకి చెప్తే ఆవిడ క్షణం ఆలోచించలేదు. "పెద్దదే తీసుకో. సనాకి చెప్పులు కొంటే ఒక సైజు పెద్దవి కొనలా?"

"ఆ చెప్పులేసుకుని రోజూ పడతానే ఉంది గదా అమ్మీ."

"పడితే లేస్తది. పెరిగే పిల్ల."

దాచేపల్లిలో లారీల షెడ్డులో పని చేసే మొగుడు జుబేర్‌కి ఫోన్ చేసింది. వెనక సుత్తి దెబ్బల మోత. "ఉన్న లారీకి టైరు కొంటావా, కొనబోయే లారీకి కొంటావా?" అన్నాడు.

"లారీ కొంటామని నమ్మకముంటే?"

"ఎవరికుందే నమ్మకం?"

"నాకుంది."

"మరి నన్నెందుకు అడుగుతావ్?" అని నవ్వి పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే ఈద్గా వెనక వీధిలో ఒక పెళ్ళికూతురికి మాంజా, అంటే పసుపు పూసే వేడుక. రెండు లెన్సులూ సంచిలో వేసుకుని, కూతురు సనాని అత్తకి అప్పజెప్పి ఇష్రత్ బయల్దేరింది. పెద్దదే బిగించుకుంది. దారి పొడుగునా చేత్తో తడిమి చూసుకుంటూనే ఉంది.

పదడుగుల గది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. తలుపు గడియ పెట్టేశారు. పెళ్ళికూతురు పీట మీద పచ్చటి బట్టల్లో కూచుంది. ఇష్రత్ వెనక్కి ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. వీపుకి బీరువా తగిలింది.

"ఏందమ్మా, బీరువాలో దూరతావా?" అంది పెళ్ళికూతురి తల్లి మెహ్జబీన్. గదంతా నవ్వింది.

ఇష్రత్ కెమెరా అద్దంలోంచి చూసింది. అటు ఇద్దరు, ఇటు ఒకరు బయటే ఉన్నారు. ఇటు ఉన్నావిడ తలుపు పక్కన గోడకి ఆనుకుని, ఒళ్ళో పసుపు గిన్నె పెట్టుకుని కలుపుతున్న జరీనా. పెళ్ళికూతురికి మేనత్త. పిల్లని చిన్నప్పటినుంచి ఎత్తుకు తిప్పింది, ఒంటి మీది బట్టలు కుట్టింది కూడా ఆవిడే. మొగుడు పోయి నాలుగేళ్ళు. మాంజాలో మొగుడున్నవాళ్ళే పసుపు పూస్తారు గనక కలపడం వరకే ఆవిడ పని.

"ఫుఫూ, కాస్త ఇటు జరుగుతారా?"

"నన్నొదిలెయ్ బేటీ. నేను లేకపోతే ఫొటోకి వచ్చిన లోటేముంది?"

వదిలేస్తే అయిపోయేది. ఇష్రత్ వేలు బటను మీదే ఉంది. కానీ నొక్కబుద్ధి కాలేదు. మూలకి తిరిగి, చున్నీ ముసుగేసుకుని, కెమెరా మూతి కిందికి పెట్టి లెన్సు మార్చింది. గాల్లో పసుపు, శనగపిండి. ఒక్క నలుసు లోపల పడితే ఇక తీసిన ప్రతి ఫొటోలో మచ్చే.

చిన్న లెన్సుతో తలుపు మడతబందు దాకా పడింది. అందరూ పడ్డారు. నొక్కింది.

"ఏదీ, చూపించు," అని మెహ్జబీన్ కెమెరా లాక్కుంది. అటు అంచున కూచుంది ఆవిడే. "యా అల్లా! నా మొహమేంది ఇట్టా సాగింది? గుమ్మడికాయ మాదిరి!"

ఎవరో "ఉన్నదే పడిద్ది వదినా," అన్నారు. మళ్ళీ నవ్వులు. ఇష్రత్ కెమెరా వెనక్కి తీసుకుని చూసింది. ఇటు అంచున జరీనా మొహం కూడా లాగిన రొట్టెపిండిలా ఉంది.

"అంచుల్లో మనిషుంటే ఈ లెన్సు లాగేస్తది ఖాలా," అంది కంగారుగా. "అందరూ మధ్యకి రండి. దగ్గరగా. జరీనా ఫుఫూ, మీరూ రండి. పెళ్ళికూతురి పక్కకి."

మెహ్జబీన్ గొంతు తగ్గించింది. "ఆమెని అక్కడే ఉండనీ అమ్మా. పసుపు జరిగేటప్పుడు..."

"పసుపు పూయమనట్లేదు గదా ఖాలా. ఇది లెన్సు రూలు."

అంత గట్టిగా ఎట్లా అందో ఆమెకే తెలీదు. జరీనా లేవలేదు. పెళ్ళికూతురే పసుపు చేత్తో ఆవిడ మణికట్టు పట్టి లాగి పక్కన కూచోబెట్టుకుంది. మెహ్జబీన్ కొంగు సర్దుకుని తనూ దగ్గరికి జరిగింది. ఇష్రత్ నొక్కింది.

ఆటోలో స్టూడియోకి వెళ్తున్నంతసేపూ మనసు తొలుస్తూనే ఉంది. అట్లా అందరూ ముందే దగ్గరికి జరిగుంటే పెద్దదాంట్లో కూడా పట్టేవాళ్ళేమో? పట్టేవాళ్ళే కావచ్చు. కానీ అది కంటికి పెట్టుకున్నప్పుడు ఫుఫూ గోడ దగ్గర బయటే ఉంది, వదిలెయ్ అంది, తను దాదాపు వదిలేసింది.

బెంజిమిన్ బాబాయ్ ఫొటో పెద్దది చేసి మూలమూలా చూశాడు. "అంచులు ఖాళీగా ఉంచావ్, మంచిదే. మధ్యలో ఈవిడెవరు, పెళ్ళికూతురి తల్లా?"

"మేనత్త."

"ఊఁ. అయితే చిన్నదేనా?"

"చిన్నదే."

"రేపు కెమెరా మారిస్తే?"

"మీకే అమ్ముతా బాబాయ్, సగం ధరకైనా."

"అప్పుడు ఏడవకూడదు."

"ఏడుస్తా. ఏడుస్తానే అమ్ముతా."

పెద్ద లెన్సుకి రెండు మూతలూ బిగించి, మళ్ళీ విప్పి, తుడిచి, బిగించి బల్ల మీద పెట్టింది. ఆయన అవతల నుంచి మెల్లగా లాగితే గానీ ఆమె చెయ్యి దాన్ని వదల్లేదు.