సంచి వద్దన్నవి

ఆదివారం అశ్వత్థప్ప కౌజుపిట్టల వేటకు పోవడమంటే, అతనికన్నా గంట ముందు సొన్నమ్మ లేవడం. పొయ్యి ముట్టించి, రాగిముద్ద చేసి, సొరకాయబుర్రలో నీళ్లు పోసి, కత్తి తుడిచి, అన్నీ చాప మీద వరసగా పెట్టేది. అతను లేచి వాటిని ఒక్కొక్కటే సంచిలో వేసుకునేవాడు. వారం మొత్తం మీద అతను చేసే ఇంటిపని అదే.

కబ్బన్‌పేట నుంచి మడివాళ చెరువు దాకా కాలినడక. "నడిచే వేటగానికి భుజం ఖాళీగా ఉండాల" అని, చిక్కపేటలో తాను గుమాస్తాగా ఉన్న పట్టుచీరల అంగట్లో వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. యుద్ధం వచ్చి తూటాలు దొరక్కపోయాక తండ్రి నాటి మందు తుపాకీ దించాడు. ఆ వేటకు కావలసింది ఆరు వస్తువులు: మందు, సీసపు గుళ్లు, మందు మీద దట్టించడానికి చిత్తుకాగితాలు, కత్తి, నీళ్లు, ముద్ద. ఏడోది లేదు. ఎంత తెలివైనవాడు అనుకునేవారు అంగట్లో. ఆ తెలివి సంచిది.

అది సొన్నమ్మ మామ చిక్కమునియప్ప వాడిన గోనె సంచి. ఆ రోజు నడకకు అక్కర్లేనిది ఏది వేసినా బయటికి తోసేస్తుంది. గొడుగును తోసేస్తే వాన రాదు. ముసలాయన ఒకసారి ఆనేకల్‌లో తమ్ముడింట రెండు రోజులుంటానని ఇంకో పంచె పెట్టుకుంటే, దాన్ని వాకిట్లోకి విసిరేసింది. తమ్ముడితో కొట్లాడి ఆ సాయంత్రమే తిరిగొచ్చాడు. వీధిలో ఇదంతా అందరికీ తెలుసు. పక్కింటి పాపక్క తిరునాళ్లకు పోయేముందు సంచిని బదులడిగి తీసుకుపోయేది.

వేట నుంచి వచ్చేటప్పుడు పది, పన్నెండు కౌజులు. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకడం సొన్నమ్మ వంతు. పెళ్లయిన కొత్తలో ఆ మెత్తని మెడలు చేతికి తగిలితే ఒళ్లు జలదరించేది. ఆరేళ్లలో వేలికొనలకు స్పర్శ పోయింది. ఇప్పుడు అనపకాయలు ఒలిచినట్టే.

ఆ గురువారం ఆమెకొక ఉత్తరం వచ్చింది. పటాలం ఉండే దండులో ఆడవాళ్ల ఆసుపత్రివాళ్లు మంత్రసాని పని నేర్పడానికి ఆమెను తీసుకున్నారు. తిండి, బట్టలు, పడక అక్కడే. ఆదివారం పొద్దుగూకేలోగా వచ్చి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆదివారం పొద్దున అశ్వత్థప్ప ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చిత్తుకాగితాల్లో కలిపాడు.

"అది నా ఉత్తరం," అంది సొన్నమ్మ.

"అయితే ఏమిప్పుడు? కాగితం కరువు కాలం. ఒక కౌజునన్నా పడగొట్టనీ."

"పొద్దుగూకేలోగా నేను పోవాల."

"యాడికే? ఈ ఊళ్లో పురుళ్లన్నీ నీకోసం ఆగుండాయా?" తన మాటకు తానే నవ్వుకుని కాగితాలు సంచిలో వేశాడు.

ఉత్తరం ఎగిరి ఆమె కాళ్ల దగ్గర పడింది.

"చూస్తివా? గోనెసంచికి కూడా పనికిరాలేదు నీ చదువు."

ఆ మాట పూర్తికాకముందే మిగిలిన కాగితాలూ బయటికొచ్చాయి. గుళ్లు నేల మీద చిమ్మినట్టు పడ్డాయి. తర్వాత మందుబుడ్డి, కత్తి, బుర్ర, ముద్ద. సంచి ఖాళీ అయి నోరు తెరుచుకుని కూర్చుంది.

"ముసల్దైపోయింది ఇది, మతి పోయింది," అని అశ్వత్థప్ప అన్నీ ఏరి తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. తుపాకీ భుజానేసుకుని వెళ్లిపోయాడు.

సొన్నమ్మ చాప చుట్టింది. ఇల్లు ఊడ్చింది. నేల మీద కాగితం ఉండకూడదని, ఉత్తరం తీసి సంచిలో వేసింది. అది బయటికి రాలేదు.

కాసేపు చూసింది. ఆమెకు సంతోషమూ కలగలేదు, భయమూ కలగలేదు. దండెం మీది చీర వేసింది. ఉంచుకుంది. ఇంకో చీర వేస్తే తోసేసింది. దువ్వెన ఉంచుకుంది. చట్టిలో మిగిలిన ముద్దను ఉంచుకుంది. పెళ్లి ఫోటోను మాత్రం మూతి దగ్గరికే రానివ్వలేదు.

తలుపుకు తాళం వేసి, తాళంచెవి సంచిలో పడేసింది. ఠంగుమని గడప మీద పడింది. మళ్లీ వేసింది. మళ్లీ పడింది. మూడోసారి వెయ్యలేదు.

పాపక్క వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"అక్కా, ఈ బీగంచెవి ఆయప్పకియ్యి."

"నువ్వే పెట్టుకోరాదా? మాపటికి వస్తావు కదా."

"సంచి వద్దంటాండాది."

పాపక్క చేట కింద పెట్టింది. సంచిని చూసింది, సొన్నమ్మను చూసింది. తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది.

"అట్లయితే కౌజులెవరు పీకుతారే?"

"ఆయప్పకూ పది వేళ్లుండాయి."

సొన్నమ్మ దండు దారి పట్టింది. పేట దాటాక సంచి గోనెపట్టీ భుజానికి గుచ్చుకుంటోందని తెలిసింది. పట్టీ సర్దుకోకుండా అట్లాగే నడిచింది.