నాలుగో నెల జ్వరం

పేపర్లో ఆ వార్త పడిన రోజు పొద్దున ఆమె ఎప్పట్లాగే అరవై బోనుల్లో రంపపు పొట్టు మార్చింది. నీళ్ళ సీసాలు కడిగి నింపింది. చూడి ఎలుకల బోనుల్లో మాత్రం గూడు కట్టుకుంటాయని కాగితం పీలికలు రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేసింది. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని. ఇంట్లో దాన్ని ఎలుకల కొలువు అనేవారు. చుట్టాలెవరైనా అడిగితే అత్తగారు "ఏదో ల్యాబులో లెండి" అని మాట మార్చేసేది.

ఆ ల్యాబులో మూడేళ్ళుగా ఒకటే ప్రయోగం. చూడి ఎలుకకి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అందులో క్రిమి ఏదీ ఉండదు, కానీ లోపలికి వైరస్ దూరిందని ఒళ్ళు మోసపోతుంది. ఎలుక జబ్బుపడ్డట్టే ముడుచుకుపోతుంది. దానికి పుట్టిన పిల్లలు పెద్దయ్యాక ఎలా మసలుతాయో చూస్తారు. కొత్త ఎలుక ఎదురైతే దగ్గరికి వెళ్తుందా, మూలకి పోతుందా? పొట్టు మీద ఇరవై గోళీలు పరిస్తే ఎన్నింటిని పూడ్చిపెడుతుంది? చూసి రాసేది ఆమే. కొన్ని పిల్లలు అరగంటసేపు తల ఎత్తకుండా గోళీలు పూడుస్తూనే ఉండేవి. వాటిని చూస్తున్నంతసేపూ ఆమెకి ఇంటి దగ్గరున్న ఐదేళ్ళ కూతురే కళ్ళముందు మెదిలేది.

కూతురు మునివేళ్ళ మీద గెంతుతున్నట్టు నడుస్తుంది. అందుకే ఆమె పిచ్చుక అని పిలుచుకుంటుంది. పిచ్చుకకి ఇంకా మాటలు రాలేదు. సీసా మూతలు వరసగా పేర్చుకుంటూ పూటంతా గడిపేస్తుంది. వరసలో ఒక్క మూత జరిగినా గోడకేసి తల కొట్టుకుంటుంది. గుమ్మంలో కొత్త మనిషి కనబడితే మంచం కిందికి దూరిపోతుంది.

పిచ్చుక కడుపులో ఉండగా, నాలుగో నెలలో, ఇంటిల్లిపాదికీ జ్వరాలు వచ్చాయి. మొదట భర్తకి. ఆఫీసులో సగంమందికి ఉందని అతనే చెప్పాడు. తర్వాత అత్తగారికి. ఎనిమిది రోజులు ఆమె వాళ్ళిద్దరికీ తడిగుడ్డలు వేసింది, జావ కాచి పట్టింది, వాంతులు ఎత్తిపోసింది. తొమ్మిదో రోజు ఆమె ఒళ్ళు పెనంలా కాలిపోయింది. వయసులో ఉన్నదానివి నీకేం, తట్టుకుంటావు అంది అత్తగారు. "కాస్త టీ పెట్టేసి పడుకో" అన్నాడు భర్త. టీ పెట్టింది. టీ అయ్యాక గిన్నెలు కనబడ్డాయి. గిన్నెలయ్యాక నానబెట్టిన దుప్పట్లు కనబడ్డాయి. సాయంత్రం మళ్ళీ టీ వేళయింది. ల్యాబులో ఇంజెక్షన్ ఇచ్చిన ఎలుకని రెండు రోజులపాటు ఎవరూ కదపకూడదు. గది తలుపు మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటిస్తారు. ఆ చీటీ రాసేదీ ఆమే.

ఒకరోజు ఉండబట్టలేక మేడమ్‌ని అడిగింది, మనుషుల్లోనూ ఇంతేనా అని. ప్రయోగం ఆ మేడమ్‌దే. మంచి మనిషి, కసురుకునే రకం కాదు.

"ఒక్క బిడ్డని చూపించి ఇందువల్లే అని ఎవరూ చెప్పలేరమ్మా. ఇంజెక్షన్ ఇచ్చినా మామూలుగా ఉన్న పిల్లలు ఎన్ని లేవు? నువ్వే రాశావుగా. ఒకే ఈతలో పుట్టినవే ఒకటి అలా, ఒకటి ఇలా."

ఆమె తలూపి బయటికొచ్చి చేతులు కడుక్కుంది. తప్పు నీదేనంటే కడుపారా ఏడ్చేది. నీది కాదంటే ఊపిరి పీల్చుకునేది. రెండూ కాకపోవడంతో ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఆ వారమే ఇంట్లో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. పిచ్చుకని పేరు పెట్టి పిలిచింది పదిసార్లు, తిరిగి చూసింది ఒకసారి. పేర్చిన మూతలు ముప్ఫై రెండు. తల కొట్టుకున్నది నాలుగుసార్లు. వంట పొయ్యి మీద ఉడుకుతుంటే గుమ్మంలో నిలబడి, కన్నకూతుర్ని గడియారం పెట్టి చూసేది.

పేపర్లో మేడమ్ ఫొటో వేశారు. పైన పెద్ద శీర్షిక: తల్లికి జ్వరమొస్తే బిడ్డకి ముప్పు. ఎలుకల మాట లోపల చిన్న అక్షరాల్లో ఉంది. ఆ గోళీలు లెక్కపెట్టిన మనిషి మాట ఎక్కడా లేదు. అత్తగారు ఆ ముక్క కత్తిరించి బీరువాలో దాచింది. వచ్చినవాళ్ళందరికీ తీసి చూపించింది. జ్వరంలో పడుకోకుండా చన్నీళ్ళలో నానిందండీ, మొండిఘటం, చెబితే వింటేగా అని చెప్పుకునేది. వంటింట్లోకి అంతా వినబడేది. ఆమె చేతి పనే కాగితమెక్కి వచ్చి ఆమె మీద సాక్ష్యం చెబుతోంది.

మరుసటి వారం భర్త ఆమెనీ పిచ్చుకనీ పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ పేపరు ముక్క, దాంతోపాటు నోటుపుస్తకం కూడా తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాడు. అది అతనికెప్పుడు దొరికిందో ఆమెకి తెలియదు. నాలుగో నెలలో జ్వరమొచ్చిందండీ, తను అశ్రద్ధ చేసింది అన్నాడు. డాక్టరమ్మ పేపరు పక్కకి జరిపి, పుస్తకం తిరగేసి, తల్లులెవరూ ఇంత వివరంగా రాయరని మెచ్చుకుంది. తర్వాత ఆమెవైపు తిరిగింది.

"పాప దేనికి నవ్వుతుందమ్మా?"

ఆమె పుస్తకం తన ముందుకి లాక్కుని పేజీలు తిప్పింది. పదకొండు నెలల పుస్తకంలో పిచ్చుక ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వి ఉంటుంది. తనే చూడలేదు.

"రెండోసారి ఇలా కాకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలండీ?" అన్నాడు భర్త. పిచ్చుక అక్కడే, బల్ల కింద, డాక్టరమ్మ చెప్పులు పక్కపక్కనే సర్దుతోంది.

ఆ జ్వరం తెచ్చింది మీరు. మూడేళ్ళుగా నాలుక చివర నానుతున్న మాట. అనేస్తే చాలు, అన్నేళ్ళ బరువూ అతని నెత్తికెక్కుతుంది. నోరు తెరిచింది కూడా. కానీ ఆ తప్పు అతనికి అప్పజెప్పాలంటే, ముందు పిచ్చుక ఒక తప్పని వాళ్ళతో కలిసి తనూ ఒప్పుకోవాలి. ఆ మాట మింగేసింది.

"నాకు రెండో బిడ్డ వద్దు" అంది.

డాక్టరమ్మ తల వంచుకుని ఏదో రాసుకుంది. బయటికొచ్చి మెట్లు దిగుతూ, భర్త పళ్ళు బిగించి అడిగాడు, నలుగురిలో పరువు తీయడానికా ఆ మాట అని. పిచ్చుకని చంకనెత్తుకుని ఆమె ఒక్కో మెట్టే దిగుతోంది.

"మళ్ళీ జ్వరమొస్తే పడుకోవడానికి ఆ ఇంట్లో నాకు చోటు లేదు."

అతను ఆగి, అయోమయంగా ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"చోటు లేకపోవడమేంటి? రెండు గదులున్నాయిగా?"