నా వైపు కొస

మా ఇంట్లో సాక్సుల జతలు కలిపే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనూ అడిగి తీసుకోలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మంచం మీద ఆరిన బట్టల కుప్ప కనిపిస్తే కూర్చుని మడతపెట్టాను, అంతే, పదకొండేళ్ళుగా అది నా నెత్తినే కూర్చుంది. మా ఆయన సాక్సులు విప్పి ఒకటి సోఫా కింద, ఒకటి తలుపు వెనక పడేస్తాడు. విడిపోయిన ఆ రెండింటినీ మళ్ళీ కలిపే పెళ్ళిళ్ళ పేరయ్యను నేను. అయినా పొద్దున్న ఏడున్నరకల్లా గదిలోంచి కేక వినిపిస్తుంది, "నా సాక్సులెక్కడ?" అని. ఎప్పుడూ ఉండే అరలోనే ఉంటాయి, చేయి చాపితే అందుతాయి. నేను పొయ్యి తగ్గించి వెళ్ళి తీసిస్తాను. "మావాడికి ఇంట్లో ఏ వస్తువెక్కడుంటుందో తెలియదు పాపం" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది, అదేదో కొడుకు కష్టపడి చదివి తెచ్చుకున్న పట్టా అయినట్టు.

ఇంటి గడప దాటినా నా పని జతలతోనే. కొత్తగా కట్టే పెద్ద భవనాల్లో నెట్‌వర్క్ కేబుళ్ళు వేసే కంపెనీలో పనిచేస్తాను. ఒక్కో కేబుల్లో ఎనిమిది సన్నటి తీగలు, రెండేసి మెలివేసుకుని నాలుగు జతలుగా ఉంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి నిండు రంగు తీగకీ, తెల్లటి ఒంటి మీద అదే రంగు చార ఉన్న తీగ తోడు. ఇప్పటి భవనాల్లో మనిషి గదిలోకి రాగానే దీపం వెలగాలన్నా, కార్డు చూపిస్తే తలుపు తెరుచుకోవాలన్నా, ఏసీ తనంతట తానే తగ్గాలన్నా కబురు వెళ్ళేది ఈ తీగల మీదే. అవన్నీ ఫాల్స్ సీలింగ్ పైన, గోడల లోపల ఉంటాయి. సరిగ్గా పనిచేసినన్నాళ్ళూ అవి ఉన్నాయని కూడా ఎవరికీ గుర్తుండదు. ఇంటిపనికి నేను బాగా అలవాటుపడ్డదాన్ని కనుక ఈ ఉద్యోగంలో నాకు అది కొత్తగా అనిపించలేదు.

కొత్తగా అనిపించినవి వేరే ఉన్నాయి. నిచ్చెన మీద నేనుంటే కింద నుంచి వెళ్ళేవాళ్ళు "మేడమ్, పైన దుమ్ము దులుపుతున్నారా?" అని అడుగుతారు. మీటింగులో కూర్చుంటే టీ గురించి నన్నే అడుగుతారు. కట్టడం పూర్తికాని అంతస్తుల్లో ఆడవాళ్ళకి బాత్రూం ఉండదు, ఆరో అంతస్తు నుంచి దిగి ఎదుటి ఆఫీసుకి వెళ్ళాలి. అందుకని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు గుక్కల నీళ్ళతో గడపడం నేర్చుకున్నాను. ఇవన్నీ ఇంట్లో చెబితే మా ఆయన ఒకటే మాట అంటాడు. "మరి మానెయ్యి. నిన్ను చెయ్యమని ఎవరన్నారు?" తను చెడ్డవాడు కాదు. ఆదివారాలు కూరలు తరిగిపెడతాడు. తరిగాక, "నీకు సాయం చేశానుగా" అంటాడు. ఆ "నీకు" దగ్గరే నాకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

నాకు ఈ పని నేర్పినవాడు టెలిఫోన్ బాబాయ్. కుర్రతనం నుంచీ టెలిఫోన్ లైన్లు లాగి, ఆ రోజులు పోయాక మా కంపెనీలో పెద్దమేస్త్రిగా చేరాడు. ఆడపిల్లకి పని నేర్పి ఏం లాభమని ఎవరో అంటే, "ఆ అమ్మాయి చేతికి తొందర లేదురా, అదే కావాలి" అన్నాడట. ఇప్పుడు కట్టిన లైన్లని పెద్ద టెస్టింగ్ మెషిన్‌తో పరీక్షించి ఇది బాగుంది, ఇది బాగోలేదు అని తేల్చేది నేనే.

ఒక బుధవారం మా మేనేజరు పిలిచి, ఊరి చివర కొత్త డేటా సెంటర్ పని వచ్చిందనీ, అక్కడ టెస్టింగ్ అంతటికీ నన్నే ఇన్‌చార్జిగా వేద్దామనుకుంటున్నామనీ చెప్పాడు. వేలకొద్దీ కనెక్షన్లు, రిపోర్టు మీద చివరి సంతకం నాది. పొద్దున్న ఏడుకల్లా అక్కడుండాలి, అంటే ఇంట్లో ఆరుకి బయల్దేరాలి. ఆర్నెల్ల పని. నా గుండె ఎగిరి గంతేసింది. నా నోరు మాత్రం పాత అలవాటు కొద్దీ, "ఇంట్లో అడిగి చెబుతాను సార్" అంది. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమన్నాడు, లేకపోతే ఇంకో అతన్ని పంపుతామన్నాడు.

ఇంట్లో అడిగాను. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో "నీ ఇష్టం" అంటే వద్దని. ఫోన్ పక్కన పెట్టి, "పొద్దున్నపూట ఎలా మరి?" అన్నాడు. అత్తగారు, "నా మోకాళ్ళు చూశావుగా" అంది. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఎవరు గెలుస్తారా అన్నట్టు మా ముఖాలు చూసింది. ఎవరూ గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్నేమో. గురువారమంతా, మేనేజరుతో కాదనడానికి మర్యాదగా ఉండే మాటలు మనసులో కూర్చుకుంటూ గడిపాను. కూర్చుకుంటుంటే నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది, ఎంత బాధ్యతగల దాన్నో అని. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శుక్రవారం, మేము ఇదివరకే పని పూర్తిచేసి అప్పగించిన ఒక భవనం ఆరో అంతస్తు నుంచి ఫిర్యాదు వచ్చింది. పెద్ద మీటింగు హాల్లో వీడియో మాటిమాటికీ ఆగిపోతోంది, మాటలు ముక్కలుముక్కలుగా వస్తున్నాయి. ఆ నాలుగు లైన్లు బాబాయ్ తన చేత్తో కట్టినవి. అప్పట్లో పెద్ద మెషిన్ రిపేరుకి వెళ్ళడంతో, చిన్న దీపాల టెస్టర్‌తో చూసి సరేననుకున్నారు. ఆ టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలిగితే ఎనిమిది తీగలూ ఇవతల నుంచి అవతలకి చేరినట్టు. బాబాయ్ నా ముందే మళ్ళీ పెట్టి చూపించాడు. ఎనిమిదీ బుద్ధిగా, వరసగా వెలిగాయి. నేను పెద్ద మెషిన్ తగిలించాను. నాలుగు లైన్లూ ఫెయిలయ్యాయి.

మూత విప్పి చూస్తే తెలిసింది. కొసలో తీగలు పేర్చేటప్పుడు జతలన్నీ పక్కపక్కన కూర్చోవు. ఆకుపచ్చ జతని విడదీసి, మధ్యలో నీలం జతని కూర్చోబెట్టాలి. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది గానీ యంత్రం మూడో చోటునీ ఆరో చోటునీ ఒక జతగా, మధ్య రెండింటినీ ఇంకో జతగా లెక్కేసుకుని మాట్లాడుతుంది. బాబాయ్ తొందరలో ఉండి, టెలిఫోన్ రోజుల అలవాటు కొద్దీ నాలుగు జతల్నీ పక్కపక్కనే పేర్చేశాడు. దాంతో ఒక ఆకుపచ్చ తీగకి ఒక నీలం తీగ జతపడింది. దారి పొడవునా ఒకదానితో మెలివేసుకుని వచ్చి, కొసలో ఇంకొకదానితో కాపురం. ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడుతోంది.

బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సాకులు చెప్పలేదు.

"రెండు కొసలూ నేనే కట్టాను తల్లీ," అన్నాడు. "రెండుచోట్లా ఒకే తప్పు చేస్తే దీపాలన్నీ వెలుగుతాయి."

నేను నిచ్చెనెక్కి ముందు ఒకవైపు కొస కోసి సరిగ్గా కట్టాను. బాబాయ్ చిన్న టెస్టర్ పెట్టాడు. ఇంతసేపూ బుద్ధిగా వెలిగిన దీపాలు తారుమారయ్యాయి. "ఇప్పుడు నిజం చెబుతోంది," అని బాబాయ్ నవ్వాడు, అవతలి కొస సరిచేయడానికి వెళ్ళాడు.

నేను నిచ్చెన మీదే ఉండిపోయాను. పదకొండేళ్ళుగా మా ఇంట్లో దీపాలన్నీ వరసగానే వెలుగుతున్నాయి. చుట్టాలొచ్చి, ఎంత చక్కటి సంసారం అని వెళతారు. ఆ ఇల్లు నా పని అని ఆయన అనుకున్నాడు, అది ఒక కొస. నా పనేనని నేనూ అనుకున్నాను, అది రెండోది. సాక్సులెక్కడ అని ఆయన అడిగినప్పుడల్లా పైకి విసుక్కున్నాను గానీ, నేను లేకపోతే వీళ్ళకి గడవదని లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఆ మురిపెమే నన్ను కట్టేసింది. ఆయన మారలేదని ఇన్నాళ్ళూ కుమిలాను. ఆయన కొస నా చేతిలో లేదు. నా వైపు కొస నా చేతిలోనే ఉంది, దాన్ని మాత్రం నేను ఎప్పుడూ విప్పి చూడలేదు. విప్పితే దీపాలు తారుమారవుతాయని భయం. అవనీ, అప్పుడైనా నిజం తెలుస్తుంది.

అక్కడి నుంచే మేనేజరుకి ఫోన్ చేశాను.

"సార్, డేటా సెంటర్‌కి నేను వెళతాను."

"మంచిదండీ. ఇంట్లో అడిగారా?"

"ఈసారి అడగడం కాదు సార్, చెబుతాను."

చెప్పాను. దీపాలు తారుమారయ్యాయి. "అంటే నన్ను అడగనక్కర్లేదన్నమాట" అని మా ఆయన రెండు రోజులు ముభావంగా తిరిగాడు. "పిల్లకి జడలెవరు వేస్తారు?" అని అత్తగారు అంది. "నాకు జడలు వేయడం రాదు" అని ఆయన అందుకున్నాడు. "నాకూ తీగలు కట్టడం రాదండీ, నేర్చుకున్నాను. ఇది మూడు పాయలే" అన్నాను. నా గొంతులో కోపం లేకపోవడం నాకే ఆశ్చర్యంగా ఉంది.

సోమవారం ఆరుకి బయల్దేరాను. డేటా సెంటర్‌లో చల్లటి గాలి, మనిషంత ఎత్తు నల్లటి బీరువాలు వరసలు వరసలుగా, వాటి మధ్య ఎడతెగని ఫ్యాన్ల హోరు. ఆడవాళ్ళ బాత్రూం ఏ అంతస్తులో ఉండాలో వెళ్ళగానే సైటు కాగితాల్లో రాయించాను. ఒక సీసా నీళ్ళు పూర్తిగా తాగాను. ఏడున్నరకి ఫోన్ మోగింది. "పిల్ల సాక్సులెక్కడ?" అన్నాడు మా ఆయన. రెండో అర, ఎడమ పక్క, టవళ్ళ కింద అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇంట్లోనే ఉంటాయి, చూడండి," అన్నాను.

సాయంత్రం నేను వెళ్ళేసరికి మా అమ్మాయి సోఫాలో కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది. ఒక జడ చెవి పైన, ఒకటి చెవి కింద. "నాన్నే వేశాడు. బడిలో ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా అంటే, మా నాన్న నేర్చుకుంటున్నాడని చెబుదామనుకున్నాను" అంది. మంచం మీద ఆరిన బట్టల కుప్ప పక్కన మా ఆయన కూర్చుని, ఒక్కో సాక్సూ ఎత్తి దీపానికేసి చూస్తున్నాడు. నన్ను చూసి చూడనట్టు మళ్ళీ కుప్పలో చెయ్యి పెట్టాడు. పిల్ల పాదాల వైపు చూశాను. ఒక సాక్సు నీలం, ఒకటి ఆకుపచ్చ. అలవాటుగా వంగాను, సగం దూరం వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకున్నాను.

నీలానికి ఆకుపచ్చ జతపడటం మా వృత్తిలో పెద్ద తప్పు. కానీ ఈసారి ఆ కొస కట్టింది నేను కాదు.