నిలబెట్టిన దూలం

ఎడమకన్ను మూసి, గడ్డం నేలకు తగిలేంతగా వంగి, అతను ఇనుప దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తున్నాడు. నడిమి పట్టీకి అటూ ఇటూ సాగే దాని రెక్క అంచు గీత గీసినట్టు సాగి, మధ్యకు వచ్చేసరికి కాస్త పక్కకు ఒరిగింది. లేచి సుద్దముక్కతో అడ్డగీత కొట్టాడు.

"ఇది పందిరికి పనికొస్తుంది. మనుషుల కాళ్ళకిందికి పనికిరాదు," అని గొణుక్కుని తరవాతి దూలం దగ్గర వంగాడు.

రెండు కళ్ళూ లక్షణంగా ఉన్నా, ఇనుప యార్డులో అందరూ అతన్ని ఒంటికన్ను అనే పిలుస్తారు. కొత్తవాళ్ళు నిజమే అనుకుని జాలిపడతారు. అతను దిద్దడు. జాలిపడేవాళ్ళకు వేరే పని లేదని అతని నమ్మకం. కూలివాడిగా చేరి, దూలాలు మోసి మోసి, కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగింది. అరచేతి గీతల్లో చేరిన తుప్పు సబ్బుకు లొంగదు. మోయలేని వయసు వచ్చాక దూలాలు ఏరే పని ఇచ్చారు. ఏ దూలం ఏ ఇంటికో అతనే చెబుతాడు. నచ్చనివాళ్ళు వేరే యార్డు చూసుకోవచ్చు.

ఆ పొద్దున ఒక దర్జీ వచ్చింది. వెంట మేస్త్రీ ఉన్నాడు. లారీ మీంచి పడి నడుం విరిగిన భర్త ఇంట్లో మంచాన ఉన్నాడు. అతను పడుకున్న గది మీదే ఆమె కుట్టుమిషన్లకు ఇంకో గది లేపుతోంది.

"ఆయన తల మీదే మిషన్లు మామా. కాస్త అదిరినా నడుంలో సూదులు దిగినట్టుంటుంది ఆయనకి. వేరే చోటు లేదు," అంది.

మేస్త్రీ అడ్డొచ్చాడు. "గది ఎత్తు తక్కువ. దూలాన్ని పక్కకు పడుకోబెడితే జానెడు కలిసొస్తుంది. నిలబడ్డా పడుకున్నా ఇనుము ఇనుమే కదా!"

"నువ్వు నిలబడి మోసే తట్టని పడుకుని మొయ్యి, చూస్తాం," అన్నాడు ఒంటికన్ను.

"పొద్దున్నే ఎవరి మొహం చూశానో!"

"అద్దం చూసుకుని ఉంటావు."

ఒంటికన్ను ఇక వాదించలేదు. సన్నపాటి దూలాన్ని రెండు దిమ్మల మీద అడ్డంగా పెట్టించి, పక్కకు పడుకోబెట్టించాడు. "ఎక్కమ్మా." ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. మధ్యకు రాగానే కాళ్ళకింద దూలం ఊగింది. ఆమె గబుక్కున మేస్త్రీ భుజం పట్టుకుంది. దాన్నే నిలబెట్టించి, ఒరగకుండా ఇద్దరిచేత పట్టించి మళ్ళీ ఎక్కమన్నాడు. ఈసారి ఆమె మధ్యదాకా నడిచి, ఆగి, ఒక్క గెంతు గెంతింది. దూలం పలకలేదు.

"పడుకున్నప్పుడు కూడా విరగలేదుగా?" అన్నాడు మేస్త్రీ.

"విరగదు. అదే గొడవ. విరిగితే మారుస్తారు. అదిరితే 'అలవాటైపోతుందిలే' అంటారు."

ఆ మాట అతను ఒక ఇంటాయన నోట విన్నాడు. అప్పట్లో ఒంటికన్ను ఆ ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాడు. అతని భార్యకు ఎముకల జబ్బు. పైవాళ్ళు నడిచిన ప్రతిసారీ ఆమె పళ్ళు బిగించి కళ్ళు మూసుకునేది. వెళ్ళి చెబితే ఇంటాయన నవ్వి ఆ మాటన్నాడు. ఆమెకు అలవాటు కాలేదు. పోయింది. తరవాత ఒకనాడు పైకప్పు పెచ్చు ఊడితే, లోపల పక్కకు పడుకున్న దూలం బయటపడింది. ఆ ఇంటాయన పోయినప్పుడు వీధి వీధంతా సాగనంపడానికి వెళ్ళింది. అతను యార్డుకు వెళ్ళాడు.

దర్జీకి ఎత్తయిన దూలాలే ఏరాడు. రెక్కల వెంట అరచెయ్యి రాసుకుంటూ వెళ్ళి, ఒకదాని దగ్గర ఆగి, మొహం చిట్లించి, పక్కన పెట్టేశాడు.

"ఇవి గదిలోకి కిందికి దిగుతాయి. నీ తల తగులుతుంది. వంగి నడవాలి," అన్నాడు.

"పెళ్ళయినప్పట్నించీ మిషన్ మీద వంగే ఉన్నా మామా. ఇదో లెక్కా?"

అతను ఏరినవాటిని లారీకి ఎక్కించాడు. తరవాత ఎన్నడూ లేనిది, లారీ ఎక్కబోయాడు. మేస్త్రీకి దూలాలు అప్పజెప్పడమంటే పిల్లికి పాలకుండ అప్పజెప్పడమే అన్నాడు. కాలు ఎత్తి, ఊపిరి అందక ఆగాడు. మేస్త్రీ చెయ్యిచ్చాడు. అతను ఆ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కాడు.

దర్జీ ఇంట్లో భర్త మంచాన్ని వాకిట్లోకి మార్చి దూలాలు ఎక్కించారు. కొసలు గోడల్లో దూర్చినచోటల్లా అతను వేలు పెట్టి చూశాడు. రెండుసార్లు విప్పించి మళ్ళీ బిగింపించాడు. మేస్త్రీ తిట్టుకుంటూనే చేశాడు, కానీ బాగా చేశాడు. పొద్దు వాలేసరికి పైన చెక్కలు పరిచారు. మంచం లోపలికి వెళ్ళింది.

ఒంటికన్ను గ్లాసుతో నీళ్ళడిగాడు. దాహానికనుకుని దర్జీ ఇచ్చింది. దాన్ని అంచుదాకా నింపించి, పైకి తీసుకెళ్ళి, మధ్య దూలం మీది చెక్కపై పెట్టాడు. "నడవండిరా! కొత్తకోడళ్ళలా కాదు, బరువుగా!" అందరూ తొక్కారు. అతనూ తొక్కాడు. గ్లాసులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

వంగి, కింద మంచం మీదున్నాయనకు కేకేశాడు. "తమ్ముడూ, ఏమన్నా తెలుస్తోందా?"

"ఇంకా మొదలెట్టలేదా మామా?"

అతను నవ్వాడు. అతను నవ్వడం మేస్త్రీ అంతకుముందు చూడలేదు.

"మీరు దిగండి. కాస్త కూర్చుని వస్తా," అని గోడకు జారగిలబడ్డాడు.

పనిముట్లన్నీ సర్దుకున్నాక మేస్త్రీ పిలవడానికి పైకి వెళ్ళాడు. భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తన తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. కేక వెయ్యలేదు. మెల్లగా దిగి మిగతావాళ్ళను పైకి తీసుకెళ్ళాడు. నలుగురూ అతన్ని ఎత్తుకుని, చెక్కల మీదుగా నడిచి, బయటి మెట్లు దిగారు. దర్జీ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది.

"పైన ఎవరూ లేరా? మామ వెళ్ళిపోయాడా?" మంచంలోంచి భర్త అడిగాడు.

"ఇప్పుడే వెళ్ళాడు," అందామె.

"అడుగుల చప్పుడే లేదే!" అన్నాడతను. చాలా రోజుల తరవాత హాయిగా ఊపిరి పీల్చుకుని కళ్ళు మూసుకున్నాడు.

పైన అంచుదాకా నీళ్ళతో గ్లాసు అలాగే ఉంది. దాని చుట్టూ చెక్క పొడిగా ఉంది.