తోడుకేక

సిన్నేవ చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతిని తొట్టిలో ముంచింది. బార్లీ రసం ఇంకా చురుక్కుమంటోంది. పసిబిడ్డకు పోసే నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలో, బీరుకు తోడు వేసేటప్పుడు రసం కూడా అంతే వెచ్చగా ఉండాలి. అంతకు మించితే తోడు చచ్చిపోతుంది, తగ్గితే నిద్రపోతుంది. సిన్నేవకు పిల్లలు లేరు, పెళ్లే కాలేదు. హెర్బోర్గ్ అమ్మగారి పిల్లలందరికీ నీళ్ల వేడి చూసిన మోచెయ్యి మాత్రం ఇదే.

తెల్లవారకముందే పొయ్యింట్లో పని మొదలైంది. జూనిపర్ కొమ్మలు వేసి కాచిన నీళ్లు మొలకబార్లీ మీద పోసి, వడగట్టి, ఆ రసాన్ని తొట్టికెత్తేసరికి నడుం పట్టేసింది. పొడుగ్గా, వంగిపోయి, దండెం మీద తడిబట్టలా ఉంటుంది మనిషి. చేతులు పెద్దవి, ఎర్రవి, గోళ్ల చుట్టూ పగుళ్లు. ఆమె గదిలోకి ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించరు, ఎప్పుడు వెళ్లిందో అసలే గమనించరు. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్లు వోస్ లోయ మొత్తంలో లేరు.

ఇవాళ కాచేది చావు బీరు, సాగనంపడానికి వచ్చినవాళ్లకు పోసేది. పోవాల్సిన మనిషి ఇంకా బతికే ఉంది. హెర్బోర్గ్ అమ్మగారు ఆకులు రాలే రోజుల్లో మంచం పట్టింది, నిన్న సిన్నేవను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఒసేయ్, నేను పోయాక ఊరంతా నా పేరు చెప్పుకుని పీపాలు ఖాళీ చేస్తారు. నాకు మాత్రం చుక్క దక్కదు. ఇదెక్కడి న్యాయమే? నేనుండగానే కాచు. ఒక్క గుక్క తాగి పోతాను.”

“మరి కేక ఎవరేస్తారమ్మా?”

అమ్మగారు నవ్వబోయి దగ్గింది. “నువ్వే. దేవుడు నోరిచ్చాడుగా?”

కేక వేయకుండా తోడు వేసే ఇల్లు ఆ లోయలో లేదు. తోడు పోస్తూ గుండెలదిరేలా అరవాలి. మెత్తగా పోస్తే బీరు చప్పబడుతుంది, తొట్టి చుట్టూ మూగే కంటికి కనపడనివాళ్లు బెదిరి పారిపోరు. ఇన్నేళ్లూ తోడు పోసింది సిన్నేవ, అరిచింది అమ్మగారు. ఆ అరుపుకు ఏటవతల కుక్కలు కూడా మొరిగేవి.

చూరుకు వేలాడే చెక్కముక్కల దండను పొద్దున్నే దించింది. పోయినసారి కాపు నురుగులో ముంచి ఆరేసిన దండ అది. పట్నంలో ఈస్ట్ అనే ఆ గోధుమరంగు పొడి సందుసందునా ఎండి ఉంది. అమ్మగారి అత్తగారి అత్తగారి నాటి తోడు. గిన్నెలో గోరువెచ్చని రసం పోసి నానేస్తే కాసేపటికే చిటపటమంది. ఇప్పుడా గిన్నె ఎత్తి తొట్టిలో వంచింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. చుట్టూ ఎవరూ లేకపోయినా సిగ్గేసి, తొట్టి మీద గొంగళ్లు కప్పేసింది.

మామూలుగానైతే పాలు పితికి వచ్చేసరికి నురుగు కట్టేది. ఇవాళ గొంగళి ఎత్తి చూస్తే రసం నల్లగా, కదలకుండా ఉంది. చెవి ఆనించినా చప్పుడు లేదు. మోచెయ్యి పెడితే వేడి సరిగ్గానే ఉంది.

పాలేరు ఏవిన్ కట్టెలమోపు దించుతూ తొంగిచూశాడు. “ఏం సిన్నేవక్కా, లేచిందా?”

“లేదు.”

“అరిచావా?”

ఆమె తల వంచుకుంది.

“అరవలేదూ! చప్పబీరు పోశావంటే అమ్మగారు శవపెట్టెలోంచి లేచొచ్చి నీ జుట్టు పట్టుకుంటుంది, చూస్కో!” నవ్వుకుంటూ పోయాడు.

సిన్నేవ పైగదికి వెళ్లింది. అమ్మగారు కళ్లు తెరవలేదు.

“నాకు కేక వినపడలేదే.”

“వేస్తానమ్మా.”

“పులవడానికి రెండ్రోజులు పడుతుంది. నాకంత గడువు లేదు. నురుగు లేస్తే చాలు, అదే ముంచుకురా.”

మెట్లు దిగుతుంటే సిన్నేవకు ఏడుపొచ్చింది. ఈ మనిషి తనను తిట్టని రోజు లేదు. ఈ మనిషి లేని రోజూ తనకు లేదు.

పొయ్యింట్లో వెలుగు సన్నగిల్లింది. గొంగళ్లు తీసి తొట్టి మీదికి వంగింది. “లేవవే తల్లీ” అని గొణిగింది. రసం ఉలకలేదు, పలకలేదు. రెండు చేతులతో అంచు పట్టుకుని నోరు తెరిచింది.

ఈసారి కేక వచ్చింది. చూరు నుంచి మసి రాలింది. ఏటవతల కుక్కలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. అరిచింది తనే, ఛాతీ మండుతోంది, నాలుక వణుకుతోంది. గొంతు మాత్రం అమ్మగారిది. చివర్లో వచ్చే ఆ బొంగురుతో సహా అమ్మగారిదే.

రసం అడుగు నుంచి గుడగుడమంది. చూస్తుండగానే నురుగు పాలపొంగులా లేచి అంచు దాకా వచ్చింది. భయపడే తీరిక కూడా లేదామెకు. గిన్నె నిండా ముంచుకుని, మంచులో జారుతూ పెరడు దాటి, మెట్లెక్కింది.

“అమ్మా, లేచింది! ఇదిగో!”

అమ్మగారి నోరు పెద్దగా తెరుచుకుని ఉంది, సగంలో కేక ఆగిపోయినట్టు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. పొద్దున్నే తన నోరు పెగిలుంటే అమ్మగారికి ఆ ఒక్క గుక్క దక్కేది. మహాతల్లి అడిగింది అదొక్కటే.

గిన్నె మంచం మీద, దుప్పటి అంచున పెట్టి, కిటికీ తెరిచింది.

“ఏవిన్! ఒకసారి పైకి రా.”

పెరట్లో కట్టెలు పేరుస్తున్న ఏవిన్ ఉలిక్కిపడి టోపీ తీశాడు. కిటికీలో చీకటి, మనిషి కనపడలేదు.

“వస్తున్నా అమ్మగారూ!” అన్నాడు సంబరంగా. “ఎన్నాళ్లకు లేచారండీ! ఇందాక కేక విన్నప్పుడే అనుకున్నా, మా అమ్మగారికి నయమైందని!”

కాదు, నేను, సిన్నేవను అని చెప్పాలనుకుంది. ఆ మాట ఎవరి గొంతుతో వస్తుందో తెలిసి, చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. మెట్ల మీద ఏవిన్ అడుగులు పైకి వస్తున్నాయి. దుప్పటి అంచున గిన్నెలో నురుగు చిటపటమంటూ పెరిగి, అంచు దాటి, చచ్చినామె చెయ్యి వైపు మెల్లగా జారుతోంది.