అవ్వ కండె

సంతకం పెట్టేస్తే మధ్యాహ్నం మూడింటికల్లా నా తలనొప్పి వదిలిపోయేది. నామినేషన్ వెనక్కి తీసుకునే కాగితం మా పెద్దనాయిన దశరథ నా ముందు పెట్టి, పెన్ను మూత కూడా తానే తీసిచ్చాడు. సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. బరిలో ఉన్నది ఇద్దరమే, ఆయన కోడలు వసంతలక్ష్మి, నేను.

"ఏకగ్రీవమైతే ఊరికి మంచి పేరొస్తది రోజా. మనలో మనకు కొట్లాటెందుకు?"

నిజం చెప్పొద్దూ, నాకూ ఓపిక అయిపోయింది. పది రోజులుగా ఇల్లిల్లూ తిరిగి నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి. పెన్ను అందుకున్నాను.

పక్కనే మంచం మీద మా అవ్వ వెంకటనర్సమ్మ కునుకుతోంది. ఎనభై ఏడేళ్ల మనిషి. లోపల ఆమె కొడుకు, మా బాపు, మగ్గం నేస్తుంటే ఆ చప్పుడు వింటూ ఏ కాలంలోకి జారిపోతుందో చెప్పలేం. ఆ రోజు నిజాం కాలంలో తేలింది.

"కుండలు పెట్టిండ్రా దశరథా?" అంది కళ్లు తెరవకుండానే.

"ఏం కుండలు చిన్నమ్మా?"

అవ్వకు తొమ్మిదేళ్లప్పుడు మా నేతవాడలో మొదటిసారి కమిటీ పెద్దను ఎన్నుకున్నారట. చదువు రాని జనం. ఒక కుండకు పసుపు, ఒక కుండకు బొగ్గు పూసి, ఓటుకు బదులు నూలు చుట్టిన కండె వేయమన్నారు. మగ్గానికి ఒక కండె. అంటే మగవాళ్లకే.

"మా అమ్మ లేచింది," అంది అవ్వ, నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా. "మగ్గం మీ మగోళ్లదైతె కండె మాది. రాట్నం కాడ కూసొని చుట్టింది మేము, మేమే ఏస్తం అన్నది. ఆడోళ్లంత ఒళ్లె కండెలు పోసుకొని నడిసొచ్చిండ్రు. ఎండల తెల్లగ, గంత తెల్లగ మెరిసినయి."

"గెలిచిండ్రా మరి?" అడిగాను నేను.

"మా అమ్మ ఏసిన కుండ ఓడింది. నవ్వుకుంట ఇంటికొచ్చింది."

లోపల మగ్గం ఆగింది. అవ్వ కళ్లు తెరిచి, దిండు కింద నుంచి ఒక కండె తీసింది. ఎప్పుడు దాచుకుందో ఏమో. నా చేతిలో పెన్ను వైపు చూసింది.

"ఇయ్యాల కుండలే పెట్టరా? మరి నా కండె ఏడెయ్యాలె బిడ్డా?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. పెన్నుకు మూత పెట్టి పెద్దనాయినకు ఇచ్చేశాను.

"ఓడిపోతవు," అన్నాడు లేస్తూ.

"ఓడిపోత కావొచ్చు పెద్దనాయినా."

పోలింగ్ రోజు అవ్వను ఆటోలో తీసుకెళ్లాం. మంచు ఇంకా విడలేదు. బడి గదిలో ఆమె ఒక చేత్తో బ్యాలెట్, ఒక చేత్తో కండె పట్టుకుని పెట్టె దగ్గరకు పోయింది. ముందు కండెనే వేయబోయింది. అది పట్టలేదు. పోలింగ్ అధికారిణి నవ్వి, కాగితం చాలమ్మా అంది. కాగితం వేసి, కండెను కొంగున ముడేసుకుంది.

పదిహేడు ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఇంటికొచ్చి అవ్వ మంచం మీద కూర్చున్నాను.

"ఏ కుండల ఏసినవవ్వా?"

"నీకెందుకు చెప్పాలె?" అని అటు తిరిగి పడుకుంది.