పన్నెండో కత్తెర

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ సావిత్రి పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. పాలవాడు వెళ్ళాక గిన్నెలో వేలు ముంచి చూసుకునేవాణ్ణి. దాన్ని ఆమె అనుమానం అంటుంది, నేను జాగ్రత్త అంటాను. ఆ జాగ్రత్త వల్లే శాలిబండ సందులో మా వర్క్‌షాపు ముప్పై ఏళ్ళు నిలబడిందని నా నమ్మకం. కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. డాక్టర్లు ఆపరేషన్లకు వాడే కత్తెరలు చేస్తాం. బోర్డు మీద ఉన్న వైకుంఠం అన్న పేరు నాదే.

ఈ నవంబరులో జర్మనీలో జరిగే వైద్య పరికరాల ప్రదర్శనలో మాకు స్టాలు దొరికింది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట నిలబడాల్సినంత స్టాలు. అయినా మా అబ్బాయి ప్రణీత్ ఎగిరి గంతేశాడు. ఫారాలు, ఈమెయిళ్ళు అన్నీ వాడే చూసుకున్నాడు. అక్కడి కంపెనీ ఒకటి మా వంపు కత్తెరను స్వయంగా చూస్తామని రాసింది. పసిపిల్లల ఆపరేషన్లకు వాడే చిన్న కత్తెర అది, కొన దగ్గర కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపు మీద సాన పట్టడం మా దగ్గర ఒక్క ప్రకాశానికే వచ్చు. అందుకని స్టాల్లో పని చేసి చూపించడానికి అతన్ని కూడా తీసుకెళ్ళాలని అనుకున్నాం. దీనికోసమే అతను యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్నాడు.

ప్రకాశం ఇల్లు లాల్‌దర్వాజాలో. ఇరవై రెండేళ్ళుగా నా దగ్గరే పని. నన్ను అన్నా అంటాడు, సావిత్రిని వదినా అంటాడు. కత్తెర తయారయ్యాక పతంగుల కాగితాన్ని నీళ్ళలో తడిపి కోసి చూస్తాడు. తడి కాగితం కొన దాకా చిరగకుండా తెగితేనే ఆ కత్తెర పాసైనట్టు. పాసైనదాని మీద, రెండు రేకులను కలిపే మర పక్కన, సూది మొనంత చుక్క కొడతాడు. ఎప్పుడైనా ఆసుపత్రి నుంచి కత్తెర వాపసు వస్తే ఆ చుక్క చూసి, బాగు చేయడానికి తనే అడిగి తీసుకుంటాడు.

"చుక్క ఉన్నదంటే జవాబుదారి నాది అన్నా" అంటాడు.

ప్రదర్శన కోసం పన్నెండు రకాల కత్తెరలు ఎంచి, పన్నెండు గుంటలున్న పెట్టెలో సర్దాం. ఇంతలో దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆయుధ పూజ. ఆ పన్నెండూ అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, పైన బంతిపూలు కుప్ప పోశాం. మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోకూడదు. దశమి పొద్దున ఇంటి పెద్దే పనిముట్లు ఎత్తాలి. నేనే ఎత్తాను, నేనే తుడిచాను, నేనే పెట్టెలో సర్దాను. సావిత్రి ఆ పూలన్నీ పాత గుడ్డలో మూటకట్టి డాబా మీద మేకుకు తగిలించింది. పూజ చేసిన పూలను చెత్తలో వేయకూడదు కాబట్టి, ఎవరైనా నది వైపు వెళ్ళేదాకా మూట అక్కడే ఉంటుంది.

సోమవారం ఫొటోలు తీద్దామని ప్రణీత్ పెట్టె తెరిచాడు. పదకొండే ఉన్నాయి. వంపు కత్తెర గుంట ఖాళీ.

వర్క్‌షాపంతా గాలించాం. బల్లల కింద చూశాం, ఇనుప రజను జల్లెడ పట్టాం. ప్రకాశం అందరికంటే ఎక్కువ వెతికాడు. అంత ఎక్కువ వెతకడం కూడా నాకు నచ్చలేదు.

"అన్నా, నువ్వు పెట్టెల పెట్టేటప్పుడు లెక్క చూసినవా?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. నా పెట్టె, నా చేతులు, నా లెక్క. అడిగేది ఎవడు?

"నేను పెట్టిన. పన్నెండు పెట్టిన. ఇంక నీ లెక్క నువ్వు చూసుకో" అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం శాలిబండ చౌరస్తాలో ఇరానీ హోటలు ముందు ప్రకాశాన్ని చూశాను. ఎదురుగా కూర్చున్నది ప్రేమ్‌రాజ్. అతనిదీ మాలాగే ఆపరేషన్ కత్తెరల వ్యాపారమే, రెండు మూడుసార్లు జర్మనీ వెళ్ళొచ్చినవాడు. మా వంపు కత్తెరలాంటిది చేయాలని ఏళ్ళుగా చూస్తున్నాడు, చేతకాలేదు. టేబుల్ కింద నుంచి ఒక పెద్ద సంచి ప్రేమ్‌రాజ్ చేతిలోంచి ప్రకాశం చేతిలోకి మారింది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను ఆటో వెనక నిలబడి అంతా చూశాను. ఎండకు చెమట పట్టిందో, కోపానికి పట్టిందో తెలియలేదు.

సాయంత్రం అడిగాను. "మధ్యాహ్నం ఏడికి పోయినవ్?"

"గిక్కడికే అన్నా. చాయ్ తాగొచ్చిన" అన్నాడు, కళ్ళు దించుకుని.

నాకు ఇంకేం రుజువు కావాలి? రెండు రోజులుగా నేను గదిలోకి రాగానే ఫోన్ ఆపేస్తున్నాడు. ఏదో చీటీ జేబులో కుక్కుకుంటున్నాడు. ఒకటొకటీ పేర్చి చూస్తే నాకు మొత్తం కథ కళ్ళ ముందు కనిపించింది. గురువారం మా ముగ్గురికీ వీసా ఆఫీసులో అపాయింట్‌మెంటు ఉంది. బుధవారం ప్రణీత్‌ను పిలిచి ప్రకాశం పేరు తీసేయమన్నాను.

"బాపూ, క్యాన్సిల్ చేస్తే మళ్ళ దొరకదు. జర సోచాయించు. ప్రకాశం కాక అట్లాంటోడు కాదు."

"ఆడికి పొయ్యినంక ప్రేమ్‌రాజ్ స్టాల్ల కూసుంటే అప్పుడు సోచాయిస్తవా? తీసెయ్."

వాడు నా మొహం చూసి తీసేశాడు.

గురువారం పొద్దున ప్రకాశం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాలు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని వచ్చాడు. జుట్టుకు రంగు కూడా వేసుకున్నాడు. గుమ్మం దగ్గరే ఆపాను.

"ఈసారి నువ్వు వద్దులే ప్రకాశం. మేమిద్దరం పోయొస్తం."

అతను నావైపు చూశాడు. తర్వాత పెట్టెకు నేను కొత్తగా వేసిన తాళం చూశాడు. అర్థమైపోయింది. ఫైలు గోడకు ఆనించి, ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలించి, పని చొక్కా వేసుకుని సాన ముందు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు టిఫిన్ డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. మూడు గిన్నెలూ విప్పి వరసగా పేర్చాడు. సంచి తిరగేసి దులిపాడు. నేను అడగలేదు. కానీ వద్దని కూడా అనలేదు. నిజం చెప్పాలంటే గిన్నెల్లోకి తొంగి చూశాను. శుక్రవారం కూడా అలాగే చేశాడు. ఆ రెండు రోజులూ అతని బల్ల మీద ఏదో పని నడుస్తూనే ఉంది. నేను దగ్గరికి వెళ్తే పైన గుడ్డ కప్పేవాడు.

శనివారం మధ్యాహ్నం ఆ గుడ్డతో సహా తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పితే వంపు కత్తెర. పతంగుల కాగితం తడిపి కోసి చూపించాడు. కొన దాకా గీత గీసినట్టు తెగింది.

"ప్యాక్ చేసుకోండ్రి సేఠ్" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో నన్ను సేఠ్ అనడం అదే మొదటిసారి. నాకు ఆ మాట చెవిన పడిందే కానీ మనసుకెక్కలేదు. నా ధ్యాసంతా కత్తెర మీదే ఉంది. భూతద్దం తీసి మర పక్కన చూశాను. చుక్క లేదు. దొరికిపోయాడనుకున్నాను. ప్రేమ్‌రాజ్ దగ్గర్నుంచి వెనక్కి తెచ్చి, గుర్తు పట్టకుండా చుక్క అరగదీశాడని తేల్చుకున్నాను. పైకి వెళ్ళి సావిత్రికి గొప్పగా చెప్పాను కూడా. ఆమె పప్పు ఏరుతూ తలెత్తకుండా విన్నది.

ఆదివారం పొద్దున సావిత్రి తమ్ముడు బీచుపల్లికి బయల్దేరాడు. పూలమూట అక్కడి కృష్ణానదిలో కలపమని ఇవ్వడానికి ఆమె డాబా మీదికి వెళ్ళింది.

"ఏమయ్యా, గిటు రాండ్రి జర!"

ఆ గొంతు విని రెండేసి మెట్లు ఎక్కాను. మూట నేలకు తగిలి టంగుమందట. విప్పితే కుళ్ళిన బంతిపూల మధ్య వంపు కత్తెర. మర సందులో పసుపు దిగి మరకలు పడ్డాయి. తుడిచి ఎండలో పెట్టి చూశాను. సూది మొనంత చుక్క అలాగే ఉంది.

దశమి నాడు నేను పదకొండే ఎత్తాను. లెక్క చూడలేదు. చూసినవా అని అడిగిన మనిషిని దొంగను చేశాను.

సావిత్రి పూలను మళ్ళీ మూటకట్టి కిందికి దిగిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు కత్తెరలూ జేబులో వేసుకుని లాల్‌దర్వాజా నడుచుకుంటూ వెళ్ళాను. దారిలో ఎవరో నమస్తే పెట్టారు, ఎవరో గుర్తులేదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ప్రకాశం కూతురు స్రవ్య తలుపు తీసింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"కూసో పెద్దబాపూ. నాన్న ప్రేమ్‌రాజ్ అంకుల్‌కు కోటు వాపస్ ఇయ్యవోయిండు."

"కోటా?"

"జర్మనీల మస్తు చలి ఉంటదంట గదా. అంకుల్ తన కోటు ఇచ్చిండు. నీకు చెప్పొద్దన్నడు నాన్న, ఇంకొకల కోటు తొడుక్కొని వస్తుండంటే నువ్వు నవ్వుతవని." ఆమె నాకు చాప వేసింది. "నేను ఫోన్ల ఇంగ్లీష్ నేర్పిస్తుంటి. ఇప్పుడు ఎందుకు పోతలేడో నాకైతే చెప్తలేడు. నీకేమన్న ఎరుకనా?"

గోడకు అద్దం పక్కన ఒక చీటీ అంటించి ఉంది. ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. 'గుడ్ మార్నింగ్ సర్. దిస్ ఈజ్ వెట్ పేపర్. ప్లీజ్ సీ.' ఆ పిల్ల మొహం చూడలేక దాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను.

ప్రకాశం వచ్చాడు. నేను రెండు కత్తెరలూ చాప మీద పెట్టాను.

"పూలమూటల ఉండె. తప్పు నాదే ప్రకాశం. నీ మీద అనుమానపడ్డ."

అతను పాతదాన్ని తీసుకుని పసుపు మరకను గోటితో గీకి చూశాడు. "దొరికింది గదా. మంచిదే" అన్నాడు.

"వీసా కోసం ప్రణీత్‌తోని మళ్ళ రాయిస్త."

"దొరకదు సేఠ్. పిల్లగాడు నాకు చెప్పిండు."

"సేఠ్ ఏందిరా! అన్నా అను." నా గొంతు నాకే అరిచినట్టు వినిపించింది. కొత్త కత్తెర అతని చేతిలో పెట్టాను. "దీని మీద చుక్క కొట్టు."

అతను కత్తెరను ఒకసారి తెరిచి మూసి నాకే ఇచ్చేశాడు. "చుక్క కొడితే వాపస్ వచ్చినప్పుడు నేను తీసుకోవాలె. రేపటి సంది నేను వస్తలేను. ఆ పెద్ద కంపెనోళ్ళ ముందట మీ మాట పోవద్దని చేసిన, గంతే. చాయ్ తాగి పోండ్రి."

స్రవ్య చాయ్ తెచ్చింది. తాగాను. అతను గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు, అది మాత్రం ఎప్పటిలాగే.

సోమవారం పెట్టె సర్దాం. మరక పడ్డది పనికిరాదు కాబట్టి పన్నెండో గుంటలో చుక్క లేని కత్తెర పెట్టాను. ప్రణీత్ పక్కన నిలబడి స్టాల్లో చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకుంటున్నాడు.

"బాపూ, ఇది ఎవరు చేసిన్రని అడిగితే?"

"ప్రకాశం చేసిండని చెప్పు."

"మరి ఆయన ఎందుకు రాలేదంటే?"

పెట్టె మూత పట్టుకుని నిలబడ్డాను. వాడు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"నేను రానియ్యలేదని రాసుకో" అన్నాను.